మొదటి పాళీ నుంచి మొదటి పాత పెన్ను దాకా: ఇంకు పెన్నుల సేకరణ ఎలా మొదలుపెట్టాలి

ఇంకు పెన్నులు సేకరించాలన్న కోరిక కలిగినవారిలో చాలామంది తొలి ఏడాదిలోనే చేతికందిన పెన్నునల్లా కొనేసి, వాటిలో సగానికి పైగా పెన్నులతో ఒక్క పేజీ అయినా రాయకుండానే డ్రాయరులో పెట్టేస్తారు. తన పెట్టెలో ఉన్న ప్రతి పెన్నూ అక్కడ ఎందుకు ఉందో చెప్పగలగడమే సేకరణకు నేను పెట్టుకున్న కొలత. అలా చెప్పగలిగే స్థితి డబ్బుతో రాదు. మొదటి పెన్ను, మొదటిసారి ఇంకు నింపడం, ఒక తయారీదారు దగ్గర మొదటిసారి కూర్చుని పెన్ను చేయించుకోవడం, మొదటిసారి పాళీ సరిచేయడం, మొదటి పాత పెన్నును పరీక్షించి కొనడం వంటి కొన్ని తొలి అనుభవాల వల్ల వస్తుంది. వాటిలో ఒక్కొక్కదాన్ని ఎలా ఎదుర్కోవాలో, దేన్ని ముందు పెట్టుకుని దేన్ని తరువాతకు ఆపుకోవాలో చెప్పడానికి ఇక్కడ ప్రయత్నిస్తాను.

మొదటి పెన్ను ఖరీదైనది కానక్కరలేదు, స్టీలు పాళీ ఉంటే చాలు. ఎంచుకునేటప్పుడు తెలుగు రాసేవారు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటుంది. మన అక్షరాలు గుండ్రనివి. ఒకే అక్షరంలో చేయి కిందికీ పైకీ, కుడికీ ఎడమకూ తిరుగుతుంది కాబట్టి పాళీ కొన అన్ని దిక్కులకూ ఒకే తీరుగా జారాలి. పైగా అక్షరం కింద వత్తులు పడతాయి. పాళీ లావైతే ‘క్ష్మి’, ‘స్త్రీ’ వంటి చోట్ల ఇంకు అక్షరాల కడుపులోకి నిండిపోయి మచ్చలాగా కనిపిస్తుంది. అందువల్ల మొదటి పెన్నుకు సన్నని గీతనిచ్చే ఫైన్ పాళీయే మేలు. అడ్డంగా చెక్కిన స్టబ్ పాళీలను తరువాతకు వదిలేయాలి. ఇక్కడ ఇంకో చిన్న తేడా కూడా ఉంది: పైలట్, ప్లాటినం వంటి జపాన్ కంపెనీలు ఫైన్ అని ముద్రించే పాళీ, జర్మనీ కంపెనీల ఫైన్ కంటే సాధారణంగా సన్నగా రాస్తుంది. జపాన్ మీడియం, జర్మన్ ఫైన్ దాదాపు ఒకే గీతనిస్తాయని అనుకుంటే ఎంపిక తేలికవుతుంది. 1980లో వచ్చి ఇప్పటికీ అమ్ముడవుతున్న లామీ సఫారీ, పైలట్ మెట్రోపాలిటన్, ప్లాటినం ప్రెపీ, మన దేశపు ఎయిర్‌మెయిల్, కామ్లిన్ పెన్నులు, వీటిలో ఏదైనా ఆరంభానికి సరిపోతుంది. సఫారీలో వేళ్లు పెట్టుకునే చోటు మూడు పలకలుగా ఉంటుంది. అది కొందరి చేతికి హాయిగా ఉంటుంది, కొందరికి ఎంతకీ అలవడదు. కాబట్టి కొనేముందు ఒకసారి చేతితో పట్టుకుని చూడండి.

ఈ మొదటి పెన్నుతో ఒక చిన్న సీసా ఇంకు అయిపోయేదాకా రాసి, ఆ తరువాతే రెండోదాన్ని గురించి ఆలోచించాలని నా గట్టి సలహా. కన్వర్టరులో, అంటే మర తిప్పి ఇంకు పీల్చుకునే లోపలి చిన్న గొట్టంలో, ఒకసారికి సుమారు ఒక మిల్లీలీటరు లోపే ఇంకు పడుతుంది కనుక, 30 మిల్లీలీటర్ల సీసా పూర్తయ్యేసరికి మీరు పెన్నును ముప్పై సార్లకు పైగా నింపి ఉంటారు. ఆపాటికి మీ చేయి పెన్నును ఎంత వాలుగా పట్టుకుంటుందో, ఎంత బరువు దాటితే మణికట్టు నొప్పి పుడుతుందో, మూతను వెనక తగిలించుకుని రాస్తారో తీసి పక్కన పెట్టి రాస్తారో మీకే తెలిసిపోతుంది. రెండో పెన్నును ఎంచుకోవడానికి మరెవరి సలహా కంటే ఈ ఎరుకే నమ్మదగినది.

పెన్ను ఎలా రాస్తుందో మొదట్లోనే తెలుసుకుంటే, తరువాత వచ్చే సగం ఇబ్బందులకు కారణాలు మీకే తడతాయి. పాళీ కింద నాలుకలా కనిపించే భాగాన్ని ఫీడ్ అంటారు. దానిలో నిలువునా సన్నని గాడి ఉంటుంది. ఆ గాడి గుండా ఇంకు పాళీ చీలికలోకి చేరి కాగితానికి అంటుకుంటుంది. బయటకు పోయిన ఇంకుకు బదులుగా గాలి లోపలికి వెళుతుంది. ఇంకు రావడం, గాలి పోవడం అనే ఈ రెండూ సమంగా జరిగినంతసేపు గీత నిలకడగా ఉంటుంది. న్యూయార్కులో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన ఫీడ్ ఈ సమతూకాన్ని నమ్మదగినదిగా చేసింది కాబట్టే ఆధునిక ఇంకు పెన్ను చరిత్రను చాలామంది అక్కడినుంచి లెక్కపెడతారు. పెన్ను రాయకుండా మొరాయిస్తే గాలి దారిలోనో ఇంకు దారిలోనో అడ్డు ఉన్నట్లు. కక్కుతుంటే లోపలి గాలి వేడికి వ్యాకోచించి ఇంకును బయటకు నెడుతున్నట్లు.

మొదటిసారి ఇంకు నింపడాన్ని తీరికగా చేయండి. కన్వర్టరు ఉన్న పెన్నయితే పాళీ మొత్తం, దానితోపాటు పట్టు (వేళ్లు పెట్టుకునే భాగం) అంచు కూడా కొద్దిగా, ఇంకులో మునిగేలా ముంచి మర తిప్పాలి. తరువాత రెండు మూడు చుక్కలు తిరిగి సీసాలోకి వదిలి, పాళీని పైకి తిప్పి, మరను మరి కాస్త వెనక్కి లాగితే ఫీడ్‌లో మిగులుగా ఉన్న ఇంకు లోపలికి పోతుంది. ఆపై మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే చాలు.

ఫిల్లరుతో నేరుగా బ్యారెల్‌లోకి, అంటే పెన్ను వెనక గొట్టంలోకే, ఇంకు పోసే పెన్నులకు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మన ఇళ్లలో పాతతరంవారు వాడినవి ఎక్కువగా ఇవే, ఆంధ్రదేశంలో చేతితో తయారైన పెన్నులలోనూ ఇవే ఎక్కువ. బ్యారెల్ మరలకు సన్నగా సిలికాన్ గ్రీజు పూసి, ఇంకును మరల అంచుకు కొంచెం కిందుగా ఉండేదాకా పోసి, పట్టును బిగించేటప్పుడు పాళీ పైకి ఉండేలా పట్టుకోవాలి. కొందరు గ్రీజు బదులు వాజిలీన్ రాస్తారు, కానీ లోపల రబ్బరు వలయం ఉన్న పెన్నులకు అది హాని చేస్తుంది. బిగించాక పాళీని కిందికి తిప్పి ఒకటి రెండు నిమిషాలు ఆగితే ఇంకు కొనదాకా దిగుతుంది. ఇంకు మూడో వంతుకు తగ్గగానే మళ్లీ నింపడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే ఖాళీ పెరిగిన కొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి పాళీ మీదుగా చుక్క జారుతుంది. విజయవాడ, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఈ నియమాన్ని పాటించని పెన్ను చొక్కా జేబును పాడుచేయకుండా ఉండటం అరుదు.

ఇంకు విషయంలో మొదట ఒక్క నీలిరంగు చాలు. నీళ్లతో కడిగితే పోయే మామూలు రంగు ఇంకు పెన్నుకు చేసే హాని దాదాపు ఏమీ ఉండదు. కామ్లిన్ రాయల్ బ్లూ వంటివి చవకగా, చాలా ఊళ్లలో దొరుకుతాయి. బెంగాల్‌లో 1934లో స్వదేశీ ఉద్యమ స్ఫూర్తితో పుట్టి, మధ్యలో మూతపడి, ఈ కాలంలో మళ్లీ సీసాలు వెలువరిస్తున్న సులేఖ ఇంకులంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. వాటి నీలం, నలుపు రెండూ బాగుంటాయి. బొమ్మలు గీయడానికి అమ్మే డ్రాయింగ్ ఇంకును మాత్రం ఎప్పుడూ ఇంకు పెన్నులో పోయకూడదు. అందులోని లక్క గాడిలో గట్టిపడితే ఆ ఫీడ్‌ను బాగుచేయడం చాలా కష్టం. మెరుపు పొడి కలిపిన ఇంకులు, నీటికి చెరగని పిగ్మెంట్ ఇంకులు, ఇనుము కలిసిన పాతకాలపు దస్తావేజు ఇంకులు ఇవన్నీ తరచుగా కడిగే క్రమశిక్షణ వచ్చాకే వాడదగినవి. రెండు రకాల ఇంకులను ఒకే పెన్నులో కలపకండి. వాటి రసాయనాలు పడక మడ్డి పేరుకోవచ్చు.

ఇంకు మార్చినప్పుడల్లా, మార్చకపోయినా నెలకు రెండు నెలలకు ఒకసారి, చల్లని నీళ్లతో పెన్నును కడగాలి. వేడినీళ్లు పనికిరావు. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువగా ఉన్న ప్రాంతాలవారు చివరిసారి కడిగేందుకు తాగే శుద్ధమైన నీటిని వాడితే గాడిలో తెల్లని పొర పేరుకోదు.

కాగితాన్ని గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంకు పక్కలకు పాకినా, వెనక్కి దిగినా లోపం పెన్నుది కాకపోవచ్చు. పెన్ను మీద తీర్పు చెప్పేముందు 100 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 100 గ్రాములు) బరువున్న నున్నని కాగితంపై ఒకసారి రాసి చూడాలి. అక్కడ బాగా రాసి, మామూలు నోటుబుక్కులో పాకుతుంటే మార్చవలసినది నోటుబుక్కునే.

ఇక తెలుగువారికి దగ్గరలోనే దొరికే గొప్ప తొలి అనుభవం రాజమహేంద్రవరం వెళ్లి పెన్ను చేయించుకోవడం. అక్కడ కె.వి. రత్నం గారు, గాంధీజీ ప్రోత్సాహంతో స్వదేశీ వస్తువు తయారు చేయాలని పూనుకుని, 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. తరువాత తన పెన్నును గాంధీజీకి చేర్చగా, విదేశీ పెన్నులకు బదులుగా అది బాగానే పనిచేస్తోందని మెచ్చుకుంటూ 1935లో వార్ధా నుంచి గాంధీజీ ఆయనకు ఉత్తరం రాశారు. ఆ ఊళ్లోనే గైడర్ పెన్నులు కూడా తయారవుతున్నాయి. హైదరాబాదువారికి ఆబిడ్స్‌లోని దక్కన్ పెన్ స్టోర్స్ దశాబ్దాలుగా తెలిసిన చోటు. కొంచెం దూరం వెళ్లగలిగినవారికి చెన్నై దగ్గర తిరువళ్లూరులోనూ లేతు మీద, అంటే కడ్డీని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, పెన్నులు చేసే పనివారున్నారు.

ఈ పెన్నులకు వాడే ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువగా కలిపి గట్టిపరచిన రబ్బరు. కడ్డీని లేతు మీద తిప్పుతూ బ్యారెల్, మూత, పట్టు వేరువేరుగా చెక్కి, మరలు కోసి, చివరికి మెరుగు పెడతారు. చేతికి చల్లగా తగలకపోవడం, చెమట పట్టినా జారకపోవడం, వేడిని తొందరగా లోపలికి పోనివ్వకపోవడం దీని గుణాలు. ఇంకు నేరుగా బ్యారెల్‌లో పోసే పెన్నుకు ఈ మూడో గుణం ఎంత ముఖ్యమో పైన చెప్పిన మాటల్ని బట్టి తెలుస్తుంది. అయితే ఎండ, తడి తగిలితే నల్లని ఎబొనైట్ కాలక్రమంలో గోధుమ వన్నెకు తిరుగుతుంది. కాబట్టి కిటికీ పక్కన పెట్టకూడదు, గంటల తరబడి నీళ్లలో నానబెట్టకూడదు.

పెన్ను చేయించుకోవడానికి వెళ్లేటప్పుడు మీరు రోజూ వాడే పెన్నును, రోజూ రాసే కాగితాన్ని వెంట తీసుకెళ్లండి. తయారీదారు ముందు మీరు మామూలుగా ఎలా రాస్తారో అలాగే నాలుగు వాక్యాలు రాసి చూపిస్తే, ఎంత లావు పట్టు మీ వేళ్లకు నప్పుతుందో వారికి మీ మాటలకంటే ముందు మీ చేయే చెబుతుంది. పట్టు లావు, పెన్ను పొడవు, మూత మర ఎన్ని చుట్లు తిరగాలి, క్లిప్పు కావాలా వద్దా, అద్దంలా మెరిసే మెరుగా, మెరుపు లేని నునుపా, స్వదేశీ పాళీయా, జర్మనీ పాళీయా అన్న ప్రశ్నలకు జవాబులు ముందే ఆలోచించుకుని వెళితే మంచిది. కొందరు పేరు కూడా చెక్కి ఇస్తారు. ఎప్పటికీ మీ దగ్గరే ఉంచుకోదలచిన పెన్ను మీదే పేరు చెక్కించుకోండి. పెన్ను చేతికొచ్చాక అక్కడే ఇంకు పోయించుకుని కనీసం ఒక పేజీ రాయండి. ‘ఱ’, ‘ఘ’, ‘ఝ’, ‘జ్ఞ’ వంటి మెలికల అక్షరాలు రాసేటప్పుడు ఏ మలుపులోనైనా పాళీ గీరుకుంటే, లేదా గీత తెగితే, సంకోచించకుండా చెప్పాలి. పాళీని, ఫీడ్‌ను ఒకదానికొకటి పొందికగా అమర్చడం వారి పనిలో భాగమే, మంచి పనివారు దానిని సంతోషంగా చేస్తారు. చేతితో కోసిన మరలు కాబట్టి ఒక పెన్ను మూత ఇంకో పెన్నుకు సరిగా పట్టకపోవచ్చు. ఒకే రంగువి రెండు కొన్నవారు మూతలు తారుమారు చేయకుండా చూసుకోవాలి.

మొదటిసారి పాళీని స్వయంగా సరిచేయడానికి పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి కావాలి. పాళీ కొనను ఎదురుగా పెట్టి చూస్తే చీలికకు రెండు పక్కలా ఉన్న రెక్కలు ఒకే ఎత్తులో కనిపించాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే పాళీ ఒక దిక్కుకు బాగా జారి, ఇంకో దిక్కుకు గీరుకుంటుంది. గోరుతో పైనున్న రెక్కను నెమ్మదిగా కిందికి నొక్కి వదలడం, మళ్లీ చూడడం, మళ్లీ నొక్కడం, ఇంతే పని. గీరుడు ఫిర్యాదులలో చాలావాటికి ఇదే మందు. చీలికలో పీచు చిక్కుకుంటే పలుచని ఇత్తడి రేకును అందులో జార్చి తీయవచ్చు. చాలా సన్నని రాపిడి కాగితంపై కొనను అరగదీసి నునుపు చేయడం మాత్రం చిట్టచివరి ఉపాయం. కొనకు అతికిన గట్టి లోహపు గింజ ఒకసారి అరిగితే తిరిగి రాదు. చవక పాళీలు కొన్ని కొని వాటి మీద చేయి తిప్పుకున్న తరువాతే మంచి పాళీ జోలికి వెళ్లండి.

మొదటి పాత పెన్ను దగ్గరికి వచ్చేసరికి సేకరణ అసలు రుచి తెలుస్తుంది. దానిని వెతకడానికి అన్నింటికంటే మంచి చోటు మీ ఇంటి పెద్దల పెట్టె. తాతగారో మేనమామో వాడి వదిలేసిన హీరో పెన్నో, పార్కరో, బంగారు పాళీ ఉన్న నల్లని ఇంకు పెన్నో చాలా ఇళ్లలో ఏ మూలనో ఉంటుంది. బయట కొనేవారికి హైదరాబాదులో ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, గురువారం జుమ్మేరాత్ బజారులో పాత వస్తువుల నడుమ అప్పుడప్పుడు పెన్నులు కనిపిస్తాయి. ఎక్కడ కొన్నా పరీక్షించే క్రమం ఒక్కటే. మూత అంచును వెలుతురుకు పట్టి వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో చూడాలి, ఎందుకంటే పాత పెన్నులు ముందుగా పగిలేది అక్కడే. పాళీ కొనలో గింజ రెండు రెక్కల మీదా మిగిలి ఉందో లేదో భూతద్దంతో చూడాలి. గింజ పోయిన పాళీ ఎంత బంగారమైనా రాయడానికి పనికిరాదు. పాళీ మీద 14కె అని గానీ 585 అని గానీ ఉంటే అది 14 క్యారెట్ల బంగారం, 750 అని ఉంటే 18 క్యారెట్లు. ‘గోల్డ్ ప్లేటెడ్’ అని ఉంటే స్టీలు మీద పూత మాత్రమే. కొన కింద ‘ఇరిడియం పాయింట్ జర్మనీ’ అని ఉన్నంత మాత్రాన పెన్ను జర్మనీదని అనుకోకూడదు. బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు స్పష్టంగా ఉన్నాయో అరిగిపోయాయో గమనించండి, వాటిని బట్టే పెన్నును ఎంత వాడారో, ఎంత రుద్ది మెరుగు పెట్టారో తెలుస్తుంది.

పాళీని దాదాపు పూర్తిగా కప్పేసిన పెన్ను కనిపిస్తే చాలామంది వెంటనే పార్కర్ 51 అనుకుంటారు. 1941లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఆ పెన్ను రూపాన్ని ఎందరో అనుసరించారు, మన దేశానికి విరివిగా వచ్చిన షాంఘై హీరో పెన్నులలో కొన్ని ఆ పోలికలోనే ఉంటాయి. మూత మీది గుర్తు, బ్యారెల్ మీది అక్షరాలు, ఇంకు నింపే సాధనం ఈ మూడూ చూడకుండా పార్కర్ ధర ఇవ్వవద్దు. అలాగని హీరోను తక్కువ చేసి చూడడమూ న్యాయం కాదు. మన నాన్నల తరంలో ఎన్నో పరీక్షలు, ఎన్నో ఉద్యోగ దరఖాస్తులు దానితోనే రాశారు. తెలుగింటి సేకరణలో దానికి గౌరవమైన చోటు ఉండాలి.

పాత పెన్ను ఇంటికి తెచ్చాక తొందరపడి ఏ భాగాన్నీ లాగకండి. పక్కన చిన్న మీట ఉన్న పెన్నులలో లోపల రబ్బరు సంచి ఉంటుంది; అది దశాబ్దాల కిందటే రాయిలా గట్టిపడి ఉండవచ్చు. మీటను బలవంతంగా ఎత్తితే మీటో బ్యారెలో విరుగుతుంది. ఆ సంచిని మార్చడం తెలిసినవారికి చిన్న పనే. కర్పూరపు వాసన వచ్చే సెల్యులాయిడ్ పెన్నులను నిప్పుకూ వేడికీ దూరంగా ఉంచాలి. ఇంట్లో పెద్దలు వాడిన పెన్నయితే దాని గీతలను, పళ్లగాట్లను మెరుగు పేరుతో చెరిపివేయవద్దని నా మనవి. ఏళ్ల తరబడి ఒకే చేతిలో నడిచిన పాళీ ఆ చేతి వాలుకు తగినట్లు అరిగి ఉంటుంది. మీరు రాసేటప్పుడు మొదట అది మొండికేస్తే, పెన్నును కొద్దిగా కుడికీ ఎడమకూ తిప్పి చూడండి. అది సాఫీగా జారే కోణం దొరికినప్పుడు, ఆ మనిషి పెన్ను ఎలా పట్టుకునేవారో మీ వేళ్లకు తెలుస్తుంది. సేకరణలో ఇంతకంటే విలువైన అనుభవం నాకు తెలియదు.

కొత్త బంగారు పాళీ కొనడానికి తొందర అవసరం లేదు. నునుపుదనం కొనలోని గింజ వల్ల వస్తుంది, ఆ గింజ స్టీలు పాళీకీ బంగారు పాళీకీ ఒకటే తరహా లోహం. బంగారం ఇచ్చేది కొద్దిపాటి మెత్తని సాగుడు, తుప్పు పట్టని గుణం. ఆ సాగుడు మీ చేతికి ఇష్టమా కాదా అన్నది ఎవరి పెన్నుతోనైనా కాసేపు రాసి తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

పెన్నులు నాలుగైదు కాగానే ఒక పుస్తకం తెరవాలి. ప్రతి పెన్నుకూ ఒక పేజీ కేటాయించి, ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారు, పాళీ ఏ కొలత, ఏ ఇంకు నప్పింది, ఎప్పుడు కడిగారు, ఏ మరమ్మతు జరిగింది అన్నవి ఆ పెన్నుతోనే, ఆ ఇంకుతోనే రాయాలి. ఇంట్లో పెద్దల పెన్నయితే ఎవరిది, ఏ ఉద్యోగంలో వాడారు, ఎవరి ద్వారా వచ్చింది అన్నవి చెప్పగలిగినవారు ఉండగానే అడిగి రాసుకోండి. ఒకేసారి రెండు మూడు పెన్నులకు మించి ఇంకు పోయకండి. మిగిలినవాటిని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, గుడ్డ పరచిన పెట్టెలో పడుకోబెట్టాలి. ప్లాస్టిక్ సంచులలో, రబ్బరు బ్యాండ్లు చుట్టి పెట్టకూడదు. వెండి పెన్నును ఎబొనైట్ పెన్నుల పక్కన పెడితే గంధకం వల్ల వెండి నల్లబడుతుంది కాబట్టి దానికి వేరే పెట్టె కావాలి. విమానంలో వెళ్లేటప్పుడు పెన్నును పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ, పాళీ పైకి ఉండేలా పట్టుకెళ్లండి.

ఆ పుస్తకాన్ని ఏడాదికొకసారి తిరగేస్తే కొన్ని పేజీలు ఖాళీగా కనిపిస్తాయి. ఆ పెన్నులను అమ్మవచ్చు, మార్చుకోవచ్చు, అన్నింటికంటే మేలుగా, ఇంకు పెన్ను ఎప్పుడూ పట్టని పిల్లలెవరికైనా ఇవ్వవచ్చు. ఇచ్చేముందు నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పాళీ రెక్కలు సరిచూసి, ఒక చిన్న సీసా నీలి ఇంకు, ఒక ఫిల్లరు, తుడుచుకునే నూలు గుడ్డ జత చేసి, మొదటిసారి ఇంకు నింపేటప్పుడు పక్కన కూర్చోండి.